ముప్ఫై ముక్కల కట్ట

నెల్లూరు తీరపు పల్లెలలో ‘ముక్క’ అనే మాటకు మంచి పేరు లేదు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. పడవలు ఒడ్డుకెక్కుతాయి. వలలు బాగుచేసుకునే పని కొన్నాళ్లకు ముగుస్తుంది. ఆ పైన మిగిలిన పొద్దును చెట్ల నీడన తువ్వాలు పరచి మూడు ముక్కలాటతో గడిపేవారు ప్రతి ఊరిలోనూ కొందరు కనిపిస్తారు. పొద్దు గడవటానికి మొదలైన ఆట ఇల్లాలి పట్టీలను తాకట్టుకు పంపిన ఇళ్లను మేము ఎరుగుదుము. అందువల్ల మా ఇంటిలో పేకముక్క ఏనాడూ గడప దాటలేదు.

అటువంటి ఇంటిలో, 2025 వేసవిలో, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి సెలవులలో ఉన్న మా పెద్దబ్బాయి ‘అబ్బా, నేనొక డెక్ కడుతున్నాను’ అన్నాడు. డెక్ అంటే ముక్కల కట్ట అని విడమరచి చెప్పిన తరువాత మా దంపతులం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

కార్డుల ఆట ముస్లిం ఇళ్లకు బొత్తిగా కొత్తదని చెప్పలేము. మొగల్ చక్రవర్తి బాబర్ 1527లో సింధ్‌లోని షా హసన్‌కు గంజిఫా ముక్కలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. మొగలుల గంజిఫా కట్టలో 8 వర్గాలుగా 96 ముక్కలు ఉండేవి. అయితే చక్రవర్తులు ఆడినది ధర్మసమ్మతమని మన పెద్దలెవ్వరూ చెప్పలేదు. అదే 1527లో బాబర్ తన మద్యపాత్రలను పగులగొట్టించాడు కదా, ప్రమాణంగా తీసుకోదలచినవారు దానిని తీసుకోవచ్చు.

మాకు ప్రమాణం దివ్యఖుర్ఆన్. అల్ బఖరా సూరాలోని 219వ ఆయతులోను, అల్ మాయిదా సూరాలోని 90, 91 ఆయతులలోను మద్యంతో పాటు జూదాన్ని, అంటే మైసిర్‌ను, అల్లాహ్ ప్రస్తావించాడు. అల్ మాయిదాలో నిషేధంతో పాటు కారణం కూడా చెప్పబడింది. షైతాను వీటి ద్వారా మనుషుల మధ్య పగను రేపగోరుతాడు, దైవస్మరణ నుండి, నమాజు నుండి వారిని ఆపగోరుతాడు. ఆ భావాన్ని మేము మూడు ప్రశ్నలుగా మార్చుకున్నాము. ఈ ఆటలో సొమ్ము పందెంగా నిలబడుతున్నదా? పగ పుడుతున్నదా? నమాజు తప్పుతున్నదా? ఈ మూడింటికీ జవాబు ఆట తెలియకుండా చెప్పలేము గనుక, ముందు ఆ ఆటను మాకు నేర్పమని అబ్బాయిని కూర్చోబెట్టాము.

ఆట పేరు హార్త్‌స్టోన్. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2014లో విడుదల చేసింది. ఆడేవారు ఇద్దరు. ఇద్దరికీ చెరి 30 ప్రాణాంకాలు, చెరి 30 కార్డుల కట్ట. ఎదుటివాని ప్రాణాంకాలను ముందుగా సున్నాకు దించినవాడు గెలిచినట్లు. ప్రతి కార్డుకూ ఒక వెల ఉంటుంది. ఆ వెలను చెల్లించే శక్తిని ఆటలో మానా అంటారు. మొదటి వంతులో 1 మానా, రెండవ వంతులో 2, అలా పెరిగి 10 దగ్గర ఆగుతుంది. ఒక వంతుకు 75 సెకన్ల గడువు. కట్టలో ఒకే కార్డును రెండుకు మించి పెట్టరాదు. లెజెండరీ అనే అరుదైన కార్డయితే ఒక్కటే పెట్టాలి.

పేకాటకూ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇక్కడే తెలిసింది. పేకాటలో కట్ట అందరిదీ ఒకటే, పంచినది చేతికి వస్తుంది. ఇందులో ఎవరి కట్ట వారిదే. వేలకొద్దీ కార్డులలో నుండి ఏ 30 తీసుకోవాలో ఆటకు ముందే నిర్ణయించుకోవాలి. ఆట సగం అక్కడే ముగుస్తుందని మా అబ్బాయి వాదన. నాలుగు వారాలు అతని పక్కన కూర్చున్న తరువాత మాకూ అలాగే తోచింది.

అయితే కార్డుల దాకా పోకముందే ఒక అడ్డంకి వచ్చింది. ఆటలో 11 వర్గాలున్నాయి. ఆటగాడు వాటిలో ఒకదానిని ఎంచుకుని ఆ వర్గపు కార్డులతో కట్ట కడతాడు. ఒక వర్గం మంత్రగానిది. ఒకటి దెయ్యాలను పిలిచి పనిచేయించుకునేవానిది. ఒకటి మరణించిన యోధునిది. సిహ్ర్, అంటే చేతబడి, మహాపాపాలలో ఒకటని చిన్ననాటి నుండి చెప్పుకునే ఇళ్లు మనవి. బొమ్మే కదా, కథే కదా అని అబ్బాయి అన్నాడు. బొమ్మే, కాని రోజుకొక గంట చూసే బొమ్మ. దెయ్యాలను పిలిచే వర్గం మన ఇంట్లో వద్దని మేము గట్టిగానే చెప్పాము. చివరకు అతడు వేటగాని వర్గాన్ని ఎంచుకున్నాడు. తోడేళ్లు, డేగలు, పులులు, ఒక విల్లు. వేట మన తీరంలో ఎవరికీ తప్పు కాదు. ఈ మేరకు కూడా ఒప్పుకోని ఇళ్లు ఉంటాయి, వారితో మాకు వాదన లేదు.

ఇక కట్ట. మొదటిసారి అతడు కట్టిన కట్టలో తనకు నచ్చిన పెద్ద పెద్ద కార్డులన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటి 7, 8, 9 మానా వెలగలవి. వచ్చినవన్నీ ఓటములే. తొమ్మిదవ వంతు దాకా బ్రతికి ఉంటే గదా తొమ్మిది మానా కార్డు పనికి వచ్చేది! వేటగాని వర్గానికి 2 మానా చెల్లిస్తే ఎదుటివానికి నేరుగా 2 దెబ్బలు తగిలించే సహజశక్తి ఉంది. అంటే ఆ వర్గం త్వరగా ముగించటానికే పుట్టింది. నిదానపు కట్టతో దానిని ఆడటం గాలిపడవను లంగరు వేసి నడపబోవటమే. రెండవ కట్టలో 1, 2 మానా కార్డులు 16 చేరాయి. 3 మానావి 8. మిగిలినవి ఆరే.

చాలాకాలంగా ఆటలో ఉన్న ఒక వేటగాని కార్డును ఉదాహరణకు చెబుతాము. పేరు కిల్ కమాండ్. వెల 3 మానా. అది 3 దెబ్బలు తగిలిస్తుంది. మన పక్షాన ఆ సమయంలో ఒక జంతువు నిలిచి ఉంటే 5 తగిలిస్తుంది. కాబట్టి ఆ కార్డు విలువ దానిలో లేదు, మిగతా 29లో జంతువులు ఎన్ని ఉన్నాయన్న దానిలో ఉంది. ఇటువంటివి చూచినప్పుడే డెక్ కట్టటమంటే మంచి కార్డులను పోగుచేయటం కాదని మాకు అర్థమైంది. చాలా మంచి కార్డు కూడా ఆ కట్టలో పరాయిది కావచ్చు. దానిని తీసి పక్కన పెట్టటానికి పదిహేడేళ్ల పిల్లవానికి ఎంత మనసు నొచ్చుతుందో ప్రక్కన కూర్చుంటే తెలుస్తుంది. రోజుల తరబడి వేటకు పోయే పడవలో మంచుగడ్డ, డీజిలు, బియ్యం, మంచినీళ్లు ఎంతెంత వేసుకోవాలో సరంగు లెక్క చూసుకుంటాడు. మంచు ఎక్కువైతే చేపకు చోటు ఉండదు, తక్కువైతే పట్టిన చేప పాడవుతుంది. మా ఇంటి పెద్దావిడ, అంటే అబ్బాయి నానీ, ఈ లెక్కను విన్న వెంటనే ‘మరి దీనికింత ఆశ్చర్యమెందుకు, పెళ్లి భోజనానికి సామాను వ్రాసేటప్పుడు నేను చేసేదీ ఇదే కదా’ అన్నది.

అబ్బాయి ఒక పాత లెక్కల పుస్తకం వెనుక పుటలలో ఇవన్నీ వ్రాసుకునేవాడు. అందులోని ఒక లెక్కను మేము మళ్లీ చేసి సరిచూశాము. ముందుగా ఆడే ఆటగాని చేతికి మొదట 3 కార్డులు వస్తాయి. నచ్చనివాటిని ఒక్కసారి తిప్పి పంపి వేరేవి తెచ్చుకోవచ్చు. కట్టలో ఒకే ప్రతిగా ఉన్న కార్డు మొదటి మూడింటిలో వచ్చే అవకాశం 10 శాతం. మూడింటినీ తిప్పి పంపితే మొత్తం అవకాశం 20 శాతానికి చేరుతుంది. అదే కార్డు రెండు ప్రతులుగా ఉంటే మొదట 19 శాతం, తిప్పి పంపిన తరువాత మొత్తం 37 శాతానికి దగ్గర. కాబట్టి ఒక్క ప్రతి ఉన్న కార్డు మీద ఆధారపడి కట్ట కట్టేవాడు ఐదు ఆటలలో నాలుగింటిని ఆ కార్డు చేతిలో లేకుండానే మొదలుపెడతాడు. ఇంటర్మీడియట్ పాఠ్యంలోని సంభావ్యత అధ్యాయం ఇంత ఇష్టంగా చదవటం మేము అంతకుముందు చూడలేదు.

ఆట నిండా లెక్కే ఉన్నదని దీని అర్థం కాదు. ఏ కార్డు వస్తుందో చివరకు అదృష్టమే. పాచికల ఆట అయిన నర్ద్‌ను దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా ఈసడించారో హదీసు గ్రంథాలలో ఉంది. చదరంగం విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. హనఫీలు దానిని వారించారు, షాఫయీలలో పలువురు పందెం లేని పక్షంలో అయిష్టకరమైనదన్న మేరకు ఆగారు. మా మస్జిద్ ఇమాం సాహెబ్‌ను అడిగినప్పుడు ఆయన ఈ ఆట ఏ కోవకు చెందుతుందో వెంటనే చెప్పలేదు. ఫోన్ తీసుకుని రమ్మన్నారు. అస్ర్ తరువాత మస్జిద్ వరండాలో కూర్చుని రెండు ఆటలు ఆసాంతం చూశారు. పందెం లేకపోతే, నమాజు తప్పకపోతే, కాలం హద్దులో ఉంటే తాను హరామ్ అనబోనని, మానుకుంటే మరింత మేలనే అంటానని చెప్పారు. అంతటితో ముగిసేదే. కాని అబ్బాయే, దాచకుండా, అసలు చిక్కును ఆయన ముందు పెట్టాడు.

ఆ చిక్కు ప్యాకెట్లది. కొత్త కార్డులు కావాలంటే ప్యాకెట్ తెరవాలి. ప్యాకెట్‌లో 5 కార్డులుంటాయి, తెరిచే దాకా ఏవో తెలియవు. ఆటలో రోజువారీ పనులు పూర్తిచేస్తే బంగారు నాణేలు అనే అంకెలు చేరతాయి, 100 నాణేలకు ఒక ప్యాకెట్ వస్తుంది. ఓపిక లేనివారు రూపాయలు పెట్టి కొనవచ్చు. 40 ప్యాకెట్లలో ఒక్క లెజెండరీ అయినా తప్పక వస్తుందన్న హామీ ఉంది, ఏ లెజెండరీ అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. రంజాన్ పండుగకు పెద్దలిచ్చిన ఈదీ 1,500 రూపాయలు అబ్బాయి దగ్గర ఉన్నాయి. వాటితో ప్యాకెట్లు కొననిమ్మని అతని కోరిక. పందెం ఎవరితోనూ కాయటం లేదు, దుకాణంలో వస్తువు కొన్నట్లే కదా అని అతని వాదన. వాదన చిన్నదేమీ కాదు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇమాం సాహెబ్ జవాబు మా తీరం నుండే తీసుకున్నారు. దైవప్రవక్త (స) ‘గరర్’ గల అమ్మకాన్ని, అంటే వస్తువేదో ఎంతో తేలని అమ్మకాన్ని, నిషేధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. దానికి ధర్మశాస్త్రవేత్తలు తరతరాలుగా ఇచ్చే ఉదాహరణలు రెండు: ఆకాశంలోని పక్షి, నీటిలోని చేప. 12వ శతాబ్దంలో మర్గీనానీ రచించిన హిదాయా, మన మదర్సాలలో నేటికీ పాఠ్యగ్రంథం, ఇంకొక అడుగు ముందుకు వేసి, వల ఒక్కసారి విసిరితే వచ్చినదంతా నీదే అని ముందుగా వెల కట్టి అమ్మటం చెల్లదని చెప్పింది. ఇది విన్న తరువాత మా అబ్బాయికి మరొక వివరణ అవసరం కలుగలేదు. ప్యాకెట్ అంటే ఒక వల విసురు. వలలో ఏమి పడుతుందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు ఎరుగడు, వెల మాత్రం ముందే చెల్లిపోతుంది.

మాకు రొయ్యల గుంటలున్నాయి. గుంటల సాగునే జూదమని మా బంధువులలో కొందరు ఎత్తిపొడుస్తుంటారు. వారి మాటలో కొంత చేదు అనుభవం ఉంది. 1990వ దశకం నడుమ తెల్లమచ్చ వ్యాధి ఈ తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు మునిగిన కుటుంబాలు నెల్లూరు జిల్లాలో లెక్కలేనన్ని. 2009 తరువాత వనామి వచ్చింది, వ్యాధులు మాత్రం పోలేదు. అందుచేత ఇమాం సాహెబ్‌ను ఆ ప్రశ్న కూడా మేము అడిగాము. ప్యాకెట్ తప్పయితే గుంట ఎట్లా ఒప్పు? ఆయన నవ్వి, మీరు రొయ్యను ఎప్పుడు అమ్ముతారు అని అడిగారు. పట్టుబడి రోజున, గట్టు మీద, కౌంట్ చూసి, తూకం వేసిన తరువాత. నీటిలో ఉండగా అమ్ముతారా? అమ్మము. సీడ్ కొనేటప్పుడు ఏమి కొంటున్నారో తెలుసునా? తెలుసును, పరీక్ష కూడా చేయిస్తాము. నష్టపోయే ప్రమాదం సేద్యంలోనూ ఉంటుంది, వర్తకంలోనూ ఉంటుంది, అది మైసిర్ కాదు, కొనేది ఏదో తెలియకుండా కొనటం వేరు అని ఆయన తేల్చారు. నాణేలతో ఊరక వచ్చే ప్యాకెట్ మాటేమిటని అబ్బాయి అడిగాడు. చేతి నుండి ఏమీ పోని చోట అది కానుక వంటిది అన్నారు.

ఈ సందేహం మన ఒక్కరిదే కాదని తరువాత తెలిసింది. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం 2018లో కొన్ని వీడియో ఆటలలో డబ్బుకు అమ్మే ఇటువంటి మూసిన పెట్టెలను జూదమేనని తేల్చింది. అంతకు ముందే, 2017లో, ఏ కార్డు వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టి తీరాలని చైనా తన దేశంలోని ఆటల సంస్థలను ఆదేశించింది. షరీఅత్ ఎరుగని దేశాలు కూడా నీటిలోని చేప దగ్గరికే వచ్చి ఆగటం మాకు ఆలోచించదగినదిగా తోచింది.

ఆ రోజు నుండి మా ఇంటి నియమం: ప్యాకెట్‌కు రూపాయి పెట్టరాదు. 1,500 రూపాయలు బీరువాలోకి వెళ్లాయి. నియమం చెప్పటం తేలిక, దానితో ఆడి గెలవటం తేలిక కాదు. ఆటలో వద్దనుకున్న కార్డును పొడి చేయవచ్చు, ఆ పొడితో కావలసిన కార్డును చేసుకోవచ్చు. ఇది చక్కని ఏర్పాటే, ఎందుకంటే ఇందులో చేసుకునేది ఏమిటో ముందే తెలుసు. కాని మారకపు రేటు క్రూరమైనది. ఒక లెజెండరీని పొడి చేస్తే 400 వస్తుంది, ఒక లెజెండరీని చేయటానికి 1,600 కావాలి. సాధారణ కార్డును పొడి చేస్తే 5, చేయాలంటే 40. నాలుగు ఇచ్చి ఒకటి, ఎనిమిది ఇచ్చి ఒకటి. మా అబ్బాయి ఐదు వారాలు పొడి కూడబెట్టాడు. దెయ్యాల వర్గానికి చెందిన ఒక లెజెండరీ నాణేల ప్యాకెట్‌లో వచ్చినప్పుడు దానిని క్షణం ఆలోచించకుండా పొడి చేశాడు. తన మొదటి గట్టి కట్టలో ఒక్క లెజెండరీ కూడా లేదు. ఎదుటివారి కట్టలలో నాలుగైదు మెరిసేవి. ఆ తేడాను అతడు ఆటతోనే పూడ్చుకోవలసి వచ్చింది.

పూడ్చుకున్నాడు కూడా, కొంతవరకు. శ్రేణుల మెట్లు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ అని ఐదు, ఒక్కొక్క దానిలో పది మెట్లు, ఆ పైన లెజెండ్. నెల ముగియగానే అందరూ క్రిందికి దించబడతారు. మే నెలలో అతడు డైమండ్ దాకా ఎక్కాడు. ఓడినప్పుడల్లా తన చేతి కార్డులను తిట్టుకోవటం మొదట్లో ఉండేది. తరువాత పుస్తకంలో ఓటమికి ఎదురుగా ఒక్క మాట వ్రాయటం అలవాటు చేసుకున్నాడు. ‘నాల్గవ వంతులో తొందర’, ‘తోడేలును ముందే వదిలాను’ వంటి మాటలు. పగ అన్న మా రెండవ ప్రశ్నకు ఆట నిర్మాణంలోనే కొంత జవాబు దొరికింది. అపరిచితులు ఒకరితో ఒకరు మాట్లాడే వీలు అందులో లేదు. పలకరింపు, ధన్యవాదం, ‘బాగా ఆడారు’ వంటి ముందే వ్రాసిన కొన్ని మాటలే పంపవచ్చు, అవి కూడా విసుగనిపిస్తే ఎదుటివానిని మూగ చేయవచ్చు. తిట్లు లేని పోటీ ఈ రోజులలో అరుదు.

నమాజు సంగతి అంత సులువుగా తేలలేదు. ఆటను నడుమ ఆపి పెట్టే వీలు లేదు. వంతుకు 75 సెకన్లు, మానితే వంతు పోతుంది. అజాన్‌కు పావుగంట ముందు కొత్త ఆట మొదలుపెట్టరాదని నియమం పెట్టుకున్నాము. మే 31వ తేదీ నెలలో చివరి రోజు. డైమండ్ 5 అనే మెట్టుకు మా అబ్బాయి ఒక్క గెలుపు దూరంలో ఉన్నాడు. ఆ మెట్టు ఎక్కితే ఆ నెలలో ఎన్ని ఓడినా దాని క్రిందికి దించరు. ఆరు గంటలకు ఆట మొదలైంది, వేళ చాలినంత ఉన్నట్లే కనిపించింది. ఎదుటివాడు ప్రతి వంతులోనూ గడువు చివరి దాకా సాగదీసే రకం. మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి ఎదుటివానికి 7 ప్రాణాంకాలున్నాయి, మా వాడి చేతిలో రెండు వంతులలో ముగించగల కార్డులున్నాయి. అతడు తెర వైపు చూశాడు, మా వైపు చూశాడు. మేము ఏమీ అనలేదు. ఓటమి ఒప్పుకునే మీట నొక్కి లేచి వుజూకు వెళ్లాడు.

మస్జిద్ నుండి తిరిగివచ్చి మళ్లీ కూర్చుని వరుసగా రెండు ఓడాడు. ఇషా తరువాత ఆడలేదు. భోజనం దగ్గర మాట్లాడలేదు. జూన్ 1 నుండి లెక్క మళ్లీ క్రింది నుండి.

ఆ రాత్రి మా ఇద్దరి మధ్య వాదన జరిగింది. మగ్రిబ్ వేళ అజాన్‌తోనే ముగిసిపోదు, మూడు నిమిషాలు ఆగి ముగించి ఇంటిలోనైనా చదువుకోవచ్చు, పిల్లవాడు నెల రోజులు కూడబెట్టినది అన్యాయంగా పోయిందని ఒకరి మాట. జమాఅత్ పోయేది, మూడు నిమిషాలని మొదలైనది ఎక్కడ ఆగుతుందో మన చెట్ల క్రింద చూస్తూనే ఉన్నాము కదా అని మరొకరి మాట. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు. అబ్బాయిని అడిగితే, ‘అమ్మీ, ఆ కార్డులతో ఎట్లాగూ గెలిచేవాడినే, అది నాకు తెలుసు, చాలు’ అన్నాడు. ఇది ఒప్పుకోలో, మొండితనమో మాకు తెలియలేదు.

ఈ ఆట ఆడి దేశానికి పేరు తెచ్చినవారు లేకపోలేదు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ-క్రీడలను ప్రదర్శనగా పెట్టినప్పుడు, గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం గెలిచాడు. ప్రదర్శన కనుక ఆ పతకం దేశపు లెక్కలో చేరలేదు. తరువాతి హాంగ్‌జౌ క్రీడలలో ఈ-క్రీడలకు అసలైన పతకాలు వచ్చినా, ఆ సంస్థ సేవలు 2023 జనవరిలో చైనాలో నిలిచిపోవటంతో హార్త్‌స్టోన్ మాత్రం జాబితా నుండి తొలగిపోయింది. భుజ్ కూడా మనలాగే ఉప్పుగాలి తగిలే ప్రాంతం అని మా అబ్బాయికి ఆ పేరు మీద అభిమానం.

అందుకే, జూలైలో ఒక కళాశాల విద్యార్థులు ఇదే ఆటకు పోటీ పెడుతున్నారని తెలిసినప్పుడు అతడు ఎగిరి గంతేశాడు. ప్రవేశ రుసుము 200 రూపాయలు. వచ్చిన రుసుములన్నీ కలిపి మొదటి ముగ్గురికి పంచుతారు. ఆ రెండవ వాక్యం దగ్గర మేము ఆగాము. అందరూ సొమ్ము వేసి, గెలిచినవాడు అందరి సొమ్మూ తీసుకునే ఏర్పాటును ఫిఖ్హ్‌లో ఖిమార్ అంటారు. ఆటలో నైపుణ్యం ఎంత ఉన్నా ఆ పేరు మారదు. ఇమాం సాహెబ్ ఒక దారి సూచించారు. రుసుము లేకుండా, బహుమతి బయటివారెవరైనా ఇచ్చేటట్లు పెడితే ఆలోచించవచ్చు, అందులో కూడా ఏ పోటీలకు బహుమతి తగునన్న విషయంలో పండితులు జాగ్రత్త చెప్పారు అన్నారు. అబ్బాయి నిర్వాహకులకు ఫోన్ చేసి అడిగాడు. వారు మర్యాదగానే, కుదరదన్నారు. అతడు వెళ్లలేదు. అతనితో ఆడుతూ ఎక్కువసార్లు ఓడే స్నేహితుడు అక్కడ రెండవ స్థానం తెచ్చుకున్నాడు. ఆ వార్త వచ్చిన రోజు అతడు రొయ్యలకు మేత వేసే నెపంతో గుంటల మీదనే పొద్దంతా ఉండిపోయాడు. మేమూ పిలవలేదు.

ఆగస్టు 2025లో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టాన్ని ఆమోదించింది. సొమ్ము పెట్టి సొమ్ము ఆశించే ఆటలన్నీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషేధంలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని ఆపింది గనుక మన తీరానికి ఇది పూర్తిగా కొత్త కాదు. మా వీధిలోని తల్లులు మాత్రం దేశమంతటా మూతపడిందని విని ఊపిరి పీల్చుకున్నారు. చట్టం ఈ-క్రీడలను వేరుగా ఉంచింది. గుర్తింపు పొందిన పోటీలకు ప్రవేశ రుసుము ఉండవచ్చు, ప్రతిభకు బహుమతి ఉండవచ్చు. ఈ వార్తను అబ్బాయి పత్రికలో పైకి చదివి వినిపించాడు. చట్టం ఒప్పుకున్నది గదా అన్న మాట అతని నోటి నుండి వస్తుందని మేము ఎదురుచూశాము. రాలేదు. ‘రుసుము ఖర్చులకే పోతే, బహుమతి వేరేవారిస్తే, అప్పుడు ఇమాం సాహెబ్ చెప్పిన దానికి దగ్గరవుతుంది కదూ’ అన్నాడు. ప్రశ్న అడగటం కూడా నేర్చుకున్నాడని అనిపించింది.

ఇప్పుడు అతడు రెండవ సంవత్సరంలో ఉన్నాడు. ఆట శుక్రవారం అస్ర్ తరువాత ఒక గంట, ఆదివారం ఒక గంట. వేసవిలో కట్టిన కట్ట ఎక్కువ కాలం నిలవదు. ఏటా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో పాత కార్డుల వరుసలు ప్రధాన పోటీ నుండి తప్పుకుంటాయి, కట్టను మళ్లీ మొదటి నుండి కట్టుకోవాలి. లెక్కల పుస్తకంలో కొత్త పుటకు పైన 1 నుండి 30 దాకా అంకెలు వేసి పెట్టుకున్నాడు. 24 వరకు నిండాయి.

ఈ మధ్య ఆరవ తరగతి చదివే మా అమ్మాయి కూడా అన్న పక్కన చేరుతున్నది. తనకూ ఒక కట్ట కావాలట. మంత్రగాడు వద్దు, దెయ్యాలు వద్దు, వేటగాడు అన్నది కనుక అదీ వద్దు. వైద్యం చేసి ప్రాణాంకాలు పెంచే వర్గం ఒకటి ఉంది, అది కావాలంటుంది. దాని పేరు ప్రీస్ట్, అంటే పూజారి. పేరు అడ్డమా, పని చాలునా అన్నది మేము ఇంకా తేల్చలేదు. వచ్చే జుమా తరువాత ఇమాం సాహెబ్ తీరికగా ఉంటే, ఫోన్ తీసుకుని మళ్లీ వరండాలోకి వెళ్లాలి.